ఎక్కే మనిషికి చెప్పని మాట

నేను రిటైరైన రోజు మదనపల్లెలో మా ఆఫీసు వాళ్లు నాకొక శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టారు. ఓనరు లేచి, "ఈయన బిగించిన లిఫ్టు ఇంతవరకూ ఒక్కటి కూడా మధ్యలో ఆగలేదు" అన్నాడు. వెనక కుర్చీలో కూర్చున్న మా ఆఫీసు ఫోన్లు చూసే ఆమె ఫక్కున నవ్వింది. నేనూ తల దించుకుని నవ్వాను. ఒకటి ఆగింది. ఆ సంగతి ఓనరుకూ తెలుసు. సన్మానం కదా, మర్యాదకు దాటేశాడు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు మాత్రం ఆ ఆగిన లిఫ్టు గురించే చెప్పాలనిపించింది. ఆగనివాటి గురించి చెప్పడానికి ఏముంటుంది?

అంతకుముందు చాలా ఏళ్లు బెంగుళూరులో పెద్ద పెద్ద బిల్డింగుల్లో పనిచేశాను. అక్కడ మనం బిగించిన లిఫ్టులో ఎవరెక్కుతారో, ఎవరు దిగుతారో మనకు తెలియదు, అక్కర్లేదు కూడా. నడుము పట్టేసి, నిచ్చెనలు ఎక్కలేని పరిస్థితి వచ్చాక సొంతూరికి తిరిగొచ్చి, ఇళ్లలో చిన్న లిఫ్టులు బిగించే ఈ కంపెనీలో చేరాను. మన పక్క పల్లెల్లో లిఫ్టు ఎవరు పెట్టించుకుంటారులే అనుకున్నాను మొదట్లో. తీరా చూస్తే, కూలికి పోయి పిల్లల్ని చదివించుకున్న వాళ్ల ఇళ్లే ఎక్కువ. పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. స్థలం చాలక ఇల్లు పైకి కట్టుకున్నారు. కింద అంగడో, గొడ్లో, బాడుగకున్న వాళ్లో. పైన కాపురం. ఇల్లు పైకి లేచేసరికి పెద్దవాళ్ల మోకాళ్లు మాత్రం చతికిలబడ్డాయి.

మా ఆఫీసులో నేను కాకుండా ఇద్దరు మెకానిక్కులు ఉండేవాళ్లు. అందరికంటే పని తెలిసింది మాత్రం ఆ ఫోన్లు చూసే ఆమెకే అని నాకు ఆలస్యంగా అర్థమైంది. వాల్మీకిపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. స్పానరు ఏనాడూ పట్టుకోలేదు. ఫోన్లో అవతలివాళ్లు "ఆగిపోయిందమ్మా" అంటే చాలు, "శబ్దం వచ్చి ఆగినాదా, ఊరికే ఆగినాదా?" అని అడిగి, ఏమి పోయిందో సగం చెప్పేసేది. నన్ను అన్నా అనేది. నేను ఆమె మాటను పెద్దగా పట్టించుకునేవాణ్ని కాదు. ముప్పై ఏళ్లు గ్రీజులో మునిగినవాణ్ని, కుర్చీలో కూర్చున్న మనిషి నాకు చెప్పేదేముంది అనే పొగరు.

ఆ లిఫ్టు ఆగిన ఇల్లు పుంగనూరు ఊరు దాటాక, పొలాల మొదట్లో ఉంటుంది. కింద గొడ్ల కొట్టం, గడ్డి గది. పైన రెండు గదులు, వంటిల్లు. కొడుకు సదుంలో మండలాఫీసులో క్లర్కు. కోడలు అంగన్‌వాడీలో పని. ఇంటి పెద్దామెకు డెబ్బై దాటాయి. భర్త పోయినప్పటి నుంచి పాలమ్మి కొడుకును, కూతురును చదివించిందట. ఇప్పుడు మిగిలినవి నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవులు రెండు. రెండు పూటలా పాలు ఆమే పిండాలి. ఇంకెవరు పొదుగు ముట్టినా అవి తన్నేవి.

మోకాళ్లు పోయాక ఆమె మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేదట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఒకరోజు జారి, భుజం విరిగింది. కుప్పంలో ఉన్న కూతురు వచ్చి, "మా ఇల్లు నేల మీదే ఉండాది, మెట్లు లేవు, నాతో వచ్చేయి" అని పట్టుబట్టింది. ఆవుల్ని అమ్మేస్తే సరిపోతుందని అందరూ అన్నారు. పెద్దామె రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు కొడుకు మా ఆఫీసుకు వచ్చాడు.

గడ్డి గది మూలలో చోటు తీసి, పైకప్పుకు కంత కొట్టి, మనిషి కూర్చుని పోయే చిన్న లిఫ్టు బిగించాను. నూనె ఒత్తిడి ఇనుప తాడును లాగితే క్యాబిన్ లేచే రకం. కరెంటు పోతే బ్యాటరీ అందుకుని, క్యాబిన్‌ను మెల్లగా కిందికి దించి తలుపు తెరుస్తుంది. ఆ బ్యాటరీ నిండాలంటే పైన వరండా గోడకు ఉన్న చార్జరు స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలి. బ్యాటరీ కూడా చచ్చిపోతే, కిందనున్న మోటారు పెట్టెలో ఒక ఎర్ర పిడి ఉంటుంది. దాన్ని కొద్దిగా తిప్పితే నూనె వెనక్కి పోయి క్యాబిన్ దానంతటది దిగుతుంది. ఈ మూడు ముక్కలు తెలిస్తే ఈ కథకు చాలు.

అప్పగించే రోజు ఈ మూడు ముక్కల్నీ కొడుకును పక్కన నిలబెట్టుకుని గంటసేపు చెప్పాను. ఆయన ఫోన్లో రికార్డు కూడా చేసుకున్నాడు. పెద్దామె గడప మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంది. ఆమెను నేనడిగింది ఒక్కటే మాట.

"బాగుండాదా అమ్మా?"

"బాగుండాదప్పా."

అంతే. బ్యాగు సర్దుకుని బస్సెక్కాను.

మూడు నెలలు గడిచాయి. ఆ రోజు నేను కుప్పంలో ఇంకో ఇంట్లో పనిలో ఉన్నాను. లిఫ్టు గుంత లోపల పట్టాలు బిగిస్తుంటే ఫోను మోగింది. ఆఫీసు నుంచి ఆమె.

"అన్నా, పుంగనూరు పెద్దామె లిఫ్టులో ఇరుక్కోనుండాది. పాలాయన ఫోన్ చేసినాడు. ఆయన లైన్లోనే ఉండాడు, కలపతాండాను."

గుంతలో సిగ్నలు సరిగా లేదు. మిద్దె మీదికి పరుగెత్తాను. నా నడుము నొప్పి ఆ నిమిషం ఎటుపోయిందో తెలియదు.

పాలాయన అంటే, రోజూ సాయంత్రం మోటారుసైకిలు మీద క్యాన్లు కట్టుకొచ్చి ఆ వీధి పాలన్నీ కేంద్రానికి తీసుకుపోయే మనిషి. అయిదు గంటలకు వచ్చి చూస్తే ఆవులు అరుస్తున్నాయి, పెద్దామె లేదు. పిలిస్తే గోడలోంచి పలికినట్టు పలికిందట. కరెంటు మూడింటికి పోయింది. అప్పటి నుంచి ఆమె ఆ చీకటి పెట్టెలో, నేలకూ మిద్దెకూ మధ్య, కూర్చునే ఉంది. కొడుకుకు ఫోన్ చేస్తానని పాలాయన అంటే, లోపలి నుంచి "వాడికొద్దు! ఆ తలుపు మీద నెంబరుండాది సూడు, దానికి చెయ్యి" అని కేకేసిందట.

లోపలి అలారం గంట ఎందుకు మోగలేదో ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది. ఆ గంట కూడా అదే బ్యాటరీతో మోగుతుంది. బ్యాటరీ చచ్చిపోయింది. అది చచ్చిపోవడమేమిటి, కొత్తది కదా అని ఒక పక్క ఆలోచన. భుజం బాగాలేని ముసలామె, రెండు గంటలు, నీళ్లు లేకుండా అని ఇంకో పక్క. నేనున్న చోటి నుంచి పుంగనూరికి ఎంత తొందరపడినా రెండు గంటలు. మా మెకానిక్కులిద్దరూ వేరే ఊర్లలో ఉన్నారు.

"అప్పా, కింద ఒక ఇనుప పెట్టె ఉంటుంది. దాని తాళం..." అన్నాను. తాళంచెవి కొడుకు దగ్గర పెట్టమని నేనే చెప్పాను.

"పెట్టె మీదే ఉండాది సార్ తాళంచెవి" అన్నాడు పాలాయన.

నా మాట విననందుకు ఆ కొడుకుకు మనసులో దండం పెట్టుకున్నాను.

"తెరువు. ఎర్ర పిడి కనపడుతుందా? దాన్ని పట్టుకుని..."

"అన్నా, ఉండు." మా ఆఫీసు ఆమె మధ్యలో అడ్డుపడింది. "లోపల లైటు ఎలగతాండాదా లేదా అడిగినావా?"

అడగలేదు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. లోపల లైటు ఉండి కూడా లిఫ్టు కదలడం లేదంటే కరెంటు తప్పు కాదు, క్యాబిన్ పట్టాల్లో ఎక్కడో పట్టేసిందని. అప్పుడు పిడి తిప్పితే తాడు వదులై, పట్టు విడిచిన క్యాబిన్ ఒక్కసారిగా జారవచ్చు. ఇది నేను కుర్రవాళ్లకు నేర్పే పాఠం. కంగారులో నాకే గుర్తు లేదు. వందల ఫోన్లు విని విని ఆమెకు అది నాలుక చివరే ఉంది.

పాలాయన అడిగి చెప్పాడు. "లైటు లేదంట. మూడింటికి కరెంటు పోయినాక ఒక్కపాలి కూడా ఎలగలేదంట."

"శబ్దమేమన్నా వచ్చినాదా ఆగేటప్పుడు?" ఆమే అడిగింది.

"లేదంట. ఊరికే నిలిచిపోయినాదంట."

"అయితే తిప్పచ్చన్నా" అంది నాతో.

ఇప్పుడు పాలాయన వెనకాడాడు. "నేను పాలుపోసుకునేవాణ్ని సార్. నేను తిప్పితే అవ్వ దబీమని కింద పడితే? ఊర్లో తలెత్తుకోని తిరగలేను."

పూచీ నాది అంటే, మిద్దె మీద నిలబడి కుప్పం నుంచి మాట్లాడేవాడి పూచీ ఎవరికి కావాలి? మళ్లీ ఆమే అందుకుంది.

"అప్పా, నురగ రాకుండా పాలు ఎట్ల పోస్తావు నువ్వు?"

"సన్నంగా వంచుతానమ్మా."

"అంతే. అట్ల సన్నంగా తిప్పు. వచ్చేది ఎక్కువనిపిస్తే మూసేయి. మూస్తే ఆడే నిలిచిపోతాది. పడదు."

ఆ తర్వాత ఫోన్లో బుస్సుమని నూనె పోయే చప్పుడు మాత్రం సన్నగా వినపడింది. నేను మిద్దె పిట్టగోడను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. తర్వాత టక్కుమని తలుపు లాకు వదిలిన చప్పుడు. నా జీవితంలో విన్న చప్పుళ్లలో అంత తియ్యనిది ఇంకోటి లేదు.

"అమ్మా, ఎట్లుండావు? నీళ్లు తాగు ముందు" అని అరిచాను.

దూరం నుంచి ఆమె గొంతు వినిపించింది, నాతో కాదు. "నీళ్లు సరే గానీ, ఆ చెంబు ఇట్లియ్యి. పొదుగులు పగిలిపోతాండాయి వాటికి."

మా ఆఫీసు ఆమె ఫోన్లో నవ్వుతోందో ఏడుస్తోందో తెలియని శబ్దం చేసింది. నేను మిద్దె మీద కూలబడ్డాను. ఆ ఇంటివాళ్లు వచ్చి నీళ్లిస్తే సగం చొక్కా మీద పోసుకున్నాను.

నేను వచ్చేవరకు ఎవరూ లిఫ్టు ఎక్కవద్దని పాలాయనతో గట్టిగా చెప్పి, మర్నాడు తొలి బస్సుకే కుప్పం నుంచి బయల్దేరాను. పలమనేరులో బస్సు మారి, పుంగనూరు చేరేసరికి పది దాటింది. కొడుకు, కోడలు పనులకు పోయారు. పెద్దామె పైన వరండాలో కూర్చుని ఉంది.

"మెట్లెక్కినావా అమ్మా?" అన్నాను గాభరాగా.

"యాల ఎక్కతాను? కరెంటొచ్చినాది. లిఫ్టులోనే వచ్చేసినా."

"భయం వేయలేదా?"

"లిఫ్టుకు యాల భయపడాల? నేను భయపడేది కుప్పానికి."

చార్జరు దగ్గరికి పోయాను. స్విచ్చి ఆపేసి ఉంది.

"దీన్ని ఎవరు ఆపుతారమ్మా?"

"నేనేప్పా. ఆ ఎర్ర లైటు పగలూ రాత్రీ ఊరికే ఎలగతా ఉంటాది. ఎవరూ ఆపరు. కరెంటు ఊరికే వస్తాదా? కోడలు మళ్లీ వేస్తాది, నేను పోయేటప్పుడంతా ఆపేసి పోతాను."

మూడు నెలలు, రోజూ. బ్యాటరీ అడుగంటిందని లిఫ్టు ఎక్కినప్పుడల్లా కీచుకీచుమని చెబుతూనే ఉంది. అది లిఫ్టు గొంతే అనుకుందట ఆమె. కోడలూ అలానే అనుకుంది. ఇంకో సంగతి కూడా అప్పుడే చూశాను. ఆమె కూర్చునే పీట నుంచి బటన్లు అందవు. విరిగిన భుజం పైకి లేవదు. చేతికర్ర మొనతో పొడిచి నొక్కుతోంది. నేను ఆ బటన్లు బిగించింది నా భుజం ఎత్తులో, నిలబడి నొక్కే మనిషికి. ఆ ఇంట్లో గోడల్ని, తలుపుల్ని, గడ్డి గది దూలాల్ని అన్నిటినీ కొలిచాను. ఆ చెయ్యి ఎంతవరకు లేస్తుందో కొలవలేదు. స్విచ్చి గురించి ఇంట్లో ఏ స్విచ్చీ ముట్టుకోని కొడుకుకు గంటసేపు చెప్పాను. అన్ని స్విచ్చులూ ఆపే మనిషికి చెప్పలేదు.

నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. "తప్పు నాదమ్మా" అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "నాయనా, నా కొడుక్కు చెప్పొద్దు. పాలాయనకు ఒట్టేయించినా. నువ్వూ చెప్పొద్దు. వానికి తెలిస్తే వాళ్లక్కకు చెప్తాడు. అది బండి తీసుకోని వచ్చేస్తాది. నా కూతురు మంచిదేప్పా, చెడ్డదని కాదు. ఆడ నాకు పనేముండాది? పొద్దునలేస్తే టీవీ ముందర కూర్చోబెట్టి, అది తిను ఇది తిను అంటారు. ఈడైతే నా కోసరం అరిచేవి రెండుండాయి."

మీతో అబద్ధమెందుకు, ఆ మాట వినగానే నా గుండె మీది బరువు దిగిపోయింది. నా తప్పు దాచమని, దానివల్ల కష్టపడిన మనిషే నన్ను బతిమాలుతోంది. ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? చార్జరు స్విచ్చి వేసి, "ఇంక దీన్ని ముట్టుకోవద్దమ్మా" అని చెప్పి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి బయటపడ్డాను.

పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని ఆఫీసుకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. పెద్దామె అడిగిన మాట కూడా.

మా ఆఫీసు ఆమె విని అంది: "నేనైతే కంప్లైంటు పుస్తకంలో రాసేసినానన్నా. ఓనరు చూస్తాడు. అది మన ఆఫీసు సంగతి. కొడుక్కు చెప్పేది చెప్పంది నీ ఇష్టం. ఒక్కటి అడగతాను. ఈసారి ఇరుక్కుంటే ఆ పెద్దామె ఎవరిని పిలవద్దంటాది?"

బస్సు స్టార్టయింది. నేను దిగేశాను. కండక్టరు ఏదో తిట్టాడు. పక్కనే సదుం బస్సు ఉంటే ఎక్కాను.

మండలాఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర కొడుకును కలిశాను. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ మజ్జిగ వరకు మొత్తం చెప్పాను. చార్జరు గురించి ఆమెకు చెప్పకపోవడం నా తప్పని, బటన్లు అందని ఎత్తులో పెట్టింది కూడా నేనేనని చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"రెండు గంటలు లోపలుండి... పాలాయనకు నా నెంబరు చెప్పలేదా మా అమ్మ?"

"చెప్పొద్దన్నాదంట."

"నాకు భయపడిందా సార్ మా అమ్మ? నాకు?"

ఆయన కళ్లలో నీళ్లు చూసి నేను పక్కకు తిరిగాను. కాసేపటికి ఆయనే అన్నాడు, "రాత్రి నేను ఇంటికి పోతే, ఏంమా బాగుండావా అంటే, బాగుండాను నాయనా అనింది. నాకు అన్నం కూడా పెట్టింది."

ఆయన లిఫ్టు తీసేయమనలేదు. ఉంచుతానని కూడా అనలేదు. "వచ్చే ఆదివారం మా అక్క వస్తాది. దానికి దాచలేను. దాని ముందర చూపించండి, ఇంక ఇట్లా జరగదని. దానికి నమ్మకం కలిగితే సరి. లేదంటే అమ్మను తీసుకుపోతాది, నేను అడ్డుపడను."

ఆఫీసుకు పోయి ఓనరుకు చెప్పాను. ఆయన కంప్లైంటు పుస్తకం మూసి, "ఆదివారం దాకా నీకు వేరే పని లేదు. పో" అన్నాడు. ఉద్యోగం పోతుందనుకున్నవాడికి ఆ రెండు ముక్కలు చాలు.

ఆ వారమంతా రోజూ పుంగనూరికి పోయాను. చార్జరు స్విచ్చి తీసేసి వైరు నేరుగా కలిపాను. బటన్లను పీకి, ఆమెను పీట మీద కూర్చోబెట్టి, చెయ్యి తొడ మీద పెట్టుకున్నప్పుడు ఎక్కడికి అందుతుందో అక్కడ బిగించాను. వేరే సెల్లుతో మోగే గంట పెట్టాను. అంతకంటే ముఖ్యంగా, కొడుకుకు గంటసేపు చెప్పిన మాటల్నే ఆమెకు మూడు రోజులు చెప్పాను. ఎందుకు మూడు రోజులంటే, ఆమె అడిగే ప్రశ్నలు కొడుకు అడగలేదు. "నూనె కారిపోతే?" "ఎలక వైరు కొరికితే?" "కరెంటోళ్లు రోజంతా తీసేస్తే ఎన్నిసార్లు దిగచ్చు?" కొన్నింటికి నాకు జవాబు తెలియక ఫోన్ చేసి కనుక్కున్నాను.

కొడుకుకు చెప్పానని మొదటిరోజే ఆమెకు చెప్పేశాను. ఆ రోజు మజ్జిగ ఇవ్వలేదు. రెండో రోజు, "వాడు ఏడ్చినాడు రాత్రి" అంది. మజ్జిగ ఇచ్చింది.

ఆదివారం కూతురు కుప్పం నుంచి కారులో వచ్చింది. తల్లి బట్టలు పెట్టుకోవడానికి ఖాళీ సూట్‌కేసు కూడా తెచ్చింది. స్కూల్లో లెక్కల టీచరు. నన్ను చూసిన చూపులోనే నా మార్కులు తెలిసిపోయాయి.

పెద్దామె పైన లిఫ్టులో కూర్చుంది. కిందికి బయల్దేరింది. మధ్యలోకి రాగానే కొడుకు మెయిన్ స్విచ్చి దించేశాడు. చప్పుడాగింది. నేను మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. అయిదు దాకా వచ్చేసరికి బ్యాటరీ అందుకుంది. లైటు వెలిగింది, క్యాబిన్ మెల్లగా దిగింది, తలుపు తెరుచుకుంది. నేను ఊపిరి వదిలాను.

కూతురు చేతులు కట్టుకుని నిలబడే ఉంది. "ఆ పొద్దు బ్యాటరీ లేదు కదా. అప్పుడేం చేస్తారు?"

నేను జవాబు చెప్పేలోపే లోపల కూర్చున్న పెద్దామె అంది: "దాన్నీ పీకండి."

అందరం ఆమె వైపు చూశాం. నేను అనుకున్న పరీక్షలో అది లేదు. మళ్లీ చీకట్లో ఆమెను వేలాడదీయాలా?

"పీకప్పా, సూస్తావేం? దానికి నమ్మకం కుదరాల కదా."

ఆమె మళ్లీ పైకి పోయి, మళ్లీ దిగుతూ ఉండగా, బ్యాటరీ వైరు నేను తీశాను, మెయిన్ కొడుకు దించాడు. క్యాబిన్ మధ్యలో నిలిచిపోయింది. ఒక్క క్షణం తర్వాత గంట మోగింది, గట్టిగా, కొట్టం దాటి వీధిలోకి వినపడేలా.

నేను మోటారు పెట్టె తెరిచి, ఎర్ర పిడి మీదికి వంగాను. వంగినవాణ్ని ఆగాను. కుప్పం మిద్దె మీద నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చింది. నేను ఈ ఇంట్లో ఉండేవాణ్ని కాదు.

"అమ్మా, మీరు తిప్పండి" అన్నాను కూతురుతో.

"నేనా? నాకేం తెలుసు?"

"సన్నంగా తిప్పాలి. ఎక్కువనిపిస్తే మూసేయాలి. మూస్తే ఆగిపోతుంది, పడదు."

ఆమె చీర కొంగు నడుములో దోపుకుని, పెట్టె ముందర కూర్చుంది. పిడి మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేకపోయింది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో నేను చేసిన కష్టమైన పని ఏదంటే, ఆ అర నిమిషం చేతులు వెనక్కి కట్టుకోవడమే.

పైనుంచి, చీకట్లోంచి, పెద్దామె గొంతు వచ్చింది. "తిప్పు తల్లీ. నేను కూర్చోనే ఉండాను."

బుస్సుమంది. కూతురు ఉలిక్కిపడి మూసేసింది. మళ్లీ తెరిచింది. ఈసారి మూయలేదు. తలుపు అద్దంలో మొదట తల్లి పాదాలు కనపడ్డాయి, తర్వాత మోకాళ్లు, తర్వాత ఒళ్లో పెట్టుకున్న చేతికర్ర, చివరకు ముఖం. తలుపు తెరుచుకుంది. కూతురు లేచి పోయి తల్లిని పట్టుకుంది. పెద్దామె, "బాగా తిప్పినావు. మీ తమ్ముడికి కూడా నేర్పించు" అంది.

కూతురు చీర చెంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. టీచరు గొంతు మళ్లీ వచ్చేసింది. "నెలకొకసారి ఇట్ల చెయ్యాల. అమ్మ, తమ్ముడు, మరదలు, అందరూ. నేను ఫోన్ చేసి అడగతాను. మీరూ అడగండి."

"అడుగుతానమ్మా" అన్నాను.

సాయంత్రం ఆమె కుప్పం తిరిగి పోయేటప్పుడు సూట్‌కేసులో అలసందలు, వేరుశనగ కాయలు పోసి పంపింది తల్లి.

అప్పటి నుంచి నేను రిటైరయ్యే వరకు, ఏ ఇంట్లో లిఫ్టు అప్పగించినా, మొదట ఎక్కే మనిషితోనే మాట్లాడాను. కుర్చీలో ఉంటే నేనూ నేల మీద కూర్చుని మాట్లాడాను. మీరూ అట్లాగే చేయండి. సంతకం ఎవరు పెట్టినా, స్విచ్చి ఆపేది ఎవరో కనుక్కోండి. ఫోన్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఏదైనా అడిగితే, ముందు దానికి జవాబు చెప్పండి. నాకు తెలిసిన పెద్ద పాఠాలు ఇవే. వీటికి ముప్పై ఏళ్లు పట్టకుండా ఉండాల్సింది.

ఆ ఆదివారం సాయంత్రం పుంగనూరులో బస్సెక్కి, కిటికీకి తల ఆనించాను. వారం రోజులుగా సరిగా నిద్ర లేదు. మదనపల్లెకు టికెట్టు తీసుకున్నది గుర్తుంది. ఆ తర్వాత ఎవరో భుజం తట్టి లేపితే కళ్లు తెరిచాను. కండక్టరు.

"ఏమప్పా, యాడికి పోవాల నువ్వు? మదనపల్లె దాటి ఎంతసేపయినాది! వాయల్పాడు వచ్చేసినాం."

బస్సులో నలుగురు నవ్వారు. నేనూ నవ్వుకుంటూ దిగాను. స్టాండు పక్కన బండి మీద వేడి వేడి బొండాలు వేస్తున్నారు. ఒక ప్లేటు తీసుకుని, ఇంటికి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పాను.

"ఏమయింది? మళ్లీ ఏదన్నా ఆగిపోయిందా?" అంది నా భార్య కంగారుగా.

"ఏదీ ఆగలేదు. నిద్రపోయినాను" అన్నాను.